స్కార్ఫు కొసన ముడి

కనిగిరి హైస్కూలు వెనక
చిల్లకంప కొట్టి చదును చేసిన జాగా.
శనివారం సాయంత్రం ఈల మోగితే
పద్దెనిమిది మందిమి, పదకొండు జతల బూట్లు.
మిగిలిన కాళ్ళకి
సందాని మాష్టారు ఏనాడూ వంక పెట్టలేదు.

సావధాన్ అంటే
మడమలు కలవాలి, మోకాళ్ళు కలవాలి.
నాసరయ్యకు మడమలు కలిసేవి.
మోకాళ్ళ సందులోంచి మాత్రం
వెనకున్న జెండాకర్ర కనపడేది.
మా ఊరి నీళ్ళు వాడి ఎముకల్లో
చిన్నప్పుడే వంపు పెట్టి పోయినయ్.
నవ్వాం. అబద్ధమెందుకు,
నేనే ముందు నవ్వా, పళ్ళన్నీ కనపడేట్టు.

మాష్టారు తిట్టలేదు.
మరుసటి శనివారం
ఆయన పోయి వాడి పక్కన వరసలో నిలబడ్డాడు,
ఎదురుగా నిలబడి ఈల ఊదే పని నాకిచ్చి.
ఈల ఊదాలంటే
వాణ్ణి సూటిగా చూడాలి గదా.

ముళ్ళు నేర్పాడు.
(మా చిల్లకంపలో ఆ మాట
ఇంకో రకంగా కూడా గుచ్చుకుంటుంది.)
రీఫు ముడి, ఎంత లాగితే అంత బిగుస్తుంది,
కొస పట్టి ఎదురు తోస్తే నోరు తెరుస్తుంది.
"విప్పడం రానిది వేస్తే
అది ముడి కాదబ్బయా, ఉచ్చు."

ప్రమాణం రోజు మూడువేళ్ళెత్తి
దేవుడి పట్ల నా విధి అనంగానే
ఏ దేవుడు సార్ అన్నాడు మాలకొండయ్య.
మాష్టారు టోపీ తీసి చెమట తుడుచుకుని
"దప్పికైనప్పుడు నీకు ఎవరు గుర్తొస్తే వాళ్ళు"
అని, మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు.

ఇంకొకటుంది.
పొద్దున్నే స్కార్ఫు కొసన చిన్న ముడి.
ఒక మంచిపని చేశాకే విప్పాలి.
నాది ఎనిమిదింటికల్లా ఊడేది.
కోటమ్మవ్వకు బిందె ఎత్తిపెట్టో,
దారిలో రాయి పక్కకు తన్నో,
రాయి దొరక్కపోతే
నేనే తెచ్చి పెట్టి నేనే తీసో.

మే నెల. బస్టాండు గేటు పక్కన
తాటాకుల చలివేంద్రం మాది.
పామూరు బస్సు, పొదిలి బస్సు, కందుకూరు బస్సు,
కిటికీల్లోంచి చేతులే చేతులు.
గుంజ మీద బొగ్గుతో గీతలు పెట్టుకున్నా,
రెండొందల పద్నాలుగు గ్లాసులు.
మాష్టారికి చూపించా.
"పందిరి మోస్తా ఉంది గదరా పాపం,
నీ లెక్క కూడా మోయాల్నా?"

రెండో రోజు నాసరయ్య రాలేదు.
ఎండకు జడిసి ఎగ్గొట్టాడన్నాం.
పన్నెండున్నరకు వచ్చాడు, సైకిలు తోసుకుంటా,
అటొకటి ఇటొకటి బిందెలు,
తాడుకు మాష్టారు నేర్పిన ముడే.
వస్తానే మా కుండల మూతలు తీసి
ఉన్న నీళ్ళన్నీ నేల మీద కుమ్మరించాడు.
మిట్టమధ్యాహ్నం, జనం నోళ్ళెండి నిలబడి చూస్తుంటే.
మట్టి బుస్సుమంది.
నా చెయ్యి లేచింది వాణ్ణి కొట్టను.

"బోరు నీళ్ళురా అయ్యి.
పెద్దోళ్ళకి ఒక పూటకేం కాదు.
నిన్న ఆ చంటిదానికి పోసినావే, అప్పుడు చూశా."

తీపినీళ్ళ పంపు మూడు మైళ్ళు.
మాష్టారు వాడి దగ్గరికొచ్చి
ఎడంచెయ్యి చాపాడు, స్కౌటు పద్ధతి.
ఎడంచేత్తో ఇవ్వకూడదంటది మా అమ్మ.
ఢాలు పట్టే చెయ్యి ఖాళీ చేసి ఇస్తేనే
నమ్మకమంటాడు ఆయన.
నేను సైకిలు తీసుకుని
రెండో ట్రిప్పుకు పోయా.
ఆ గ్లాసులకు గీతలు పెట్టలేదు,
బొగ్గు యాడ పడిపోయిందో.

పొద్దుగూకినాక స్కార్ఫులు మడతపెడుతుంటే
వాడి కొసన ముడి అట్నే ఉంది,
తడిసి, ఎండి, మళ్ళీ తడిసి.
"విప్పలేదేందిరా?"
"అరే," అన్నాడు, "మర్చేపోయా."

వాడి వేళ్ళు బిందెతాళ్ళకు బొబ్బలెక్కినయ్.
నేను పట్టుకున్నా.
కొసలు ఎదురు తోశా, రాలేదు.
చివరికి నోట కరిచి
నా గారపళ్ళతోనే లాగా.

ఉప్పగా ఉంది.